20 టన్నుల ట్యాంకు, లెక్కపెట్టిన 23 గుండ్లు: ఆరేళ్లు ఆడాక నా సమీక్ష

మా గన్నర్ దగ్గర ఇప్పుడు రెండే గుండ్లు మిగిలాయి. ఆరేళ్ల కిందట 23తో మొదలుపెట్టాడు. ఆ లెక్క రాసుకున్న కాగితం చెరిపి చెరిపి ఒకచోట చిల్లు పడింది, అయినా కొత్త కాగితం తీసుకోనంటాడు.

నేను చెప్తున్నది ట్వైలైట్ 2000 అనే మిలిటరీ రోల్ ప్లేయింగ్ గేమ్‌లోని ఎల్ఏవీ-75 లైట్ ట్యాంకు గురించి. తెర మీద ఆడేది కాదిది, పాచికలూ మ్యాపూ పెట్టుకుని కూర్చుని ఆడేది. రెండు వారాలకోసారి ఐదుగురం కూడతాం, కథ నడిపించి నియమాలు చూసుకునే రిఫరీని నేను. ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, 1984లో వచ్చింది, మూడో ప్రపంచ యుద్ధం సాగీ సాగీ అన్ని సైన్యాలూ ఊపిరి అయిపోయి కూలబడిన 2000 సంవత్సరం వేసవిలో, పోలండ్‌లోని కాలిష్ దగ్గర అమెరికా ఐదో డివిజన్ చెల్లాచెదురైపోతే, పైనుంచి ఆర్డర్ ఇచ్చే నాథుడు లేక మిగిలిపోయిన కొద్దిమంది మీరు. అక్కడి నుంచి ఎటు పోతారో, ఏం తింటారో, బండికి ఏం పోస్తారో మీ ఇష్టం. 2021లో కొత్త ఎడిషన్ వచ్చింది. మేం పాతదానితో మొదలుపెట్టి, లెక్కలు వేయలేక చేతులెత్తేసి కొత్తదానికి మారాం, ట్యాంకు అంకెల్ని మాత్రం మేమే కొత్త పద్ధతిలోకి మార్చుకున్నాం.

ఎల్ఏవీ-75 నిజంగా సైన్యంలోకి వచ్చిన బండి కాదు. దాని వెనక ఉన్నవి 1970ల చివర, 80ల మొదట్లో అమెరికాలో తయారైన ప్రయోగాత్మక నమూనాలు, ముఖ్యంగా హెచ్ఎస్‌టీవీ-ఎల్, ఆ తర్వాతి ఆర్‌డీఎఫ్ లైట్ ట్యాంకు. హెచ్ఎస్‌టీవీ-ఎల్ బరువు సుమారు 20 టన్నులు, ముగ్గురు సిబ్బంది, 650 హార్స్‌పవర్ గ్యాస్ టర్బైన్, పైన 75 ఎంఎం ఆటోమేటిక్ గన్. గన్ అంటే మామూలు గన్ కాదు, మెషిన్‌గన్ లాగా వరసగా కొట్టగలదు, దాదాపు సెకనుకు ఒక గుండు చొప్పున. గుండు కూడా విచిత్రమే, మొన బయటికి పొడుచుకు రాకుండా మొత్తం డబ్బాలో దాక్కుని ఉంటుంది, టెలిస్కోప్డ్ అంటారు. చూడ్డానికి బుల్లెట్‌లా ఉండదు, మూత వేసిన గొట్టంలా ఉంటుంది. సోవియట్ ట్యాంకుల కవచం మందం పెరుగుతుంటే 75 ఎంఎం దేనికి సరిపోతుందన్న అనుమానం వదల్లేదు, డబ్బు వేరే వాటికి వెళ్లింది, బండి అక్కడితో ఆగింది. 1984లో ఆట రాసినవాళ్లకు మాత్రం అది రేపో మాపో వచ్చేసేదే కదా, 2000 నాటికి ఉంటుందిలే అని ఆట పుస్తకంలోని బండ్ల పట్టికలో పెట్టేశారు. వాళ్లని తప్పుపట్టను, నేనైనా పెట్టేవాణ్ణి.

నా ఫిర్యాదు వేరే. పట్టికలో దీన్ని పక్కనున్న ఎం1 ట్యాంకు, బ్రాడ్లీ సాయుధ వాహనాల్లాగే ఒక మామూలు బండిగా పెట్టారు. ఇంత కవచం, ఇంత వేగం, ఇంత ఇంధనం, అయిపోయింది. అలాగే ఆడితే చప్పగా ఉంటుంది, మొదటి నాలుగు నెలలు మేం ఆడింది అదే. మావాళ్లు ఊరి పొలిమేరలో ఏ లారీ కనపడినా మూడు గుండ్ల బరస్ట్ వేసేవాళ్లు. రాత్రికి నేను గుండ్లు ఎక్కడో దొరికినట్టు చెప్పేవాణ్ణి. కోతికి కొబ్బరికాయ దొరికితే ఏం చేస్తుందో మావాళ్లూ అదే చేశారు, తప్పు నాదే.

ఒకరోజు మా డ్రైవర్ మామూలుగానే అడిగాడు, "అవునూ, పోలండ్‌లో ఈ 75 ఎంఎం గుండు మనకి ఎవరిచ్చారు?" అని. నా దగ్గర జవాబు లేదు. నిజంగానే ఎవరిస్తారు? 105 ఎంఎం అయితే ఎం60కీ, జర్మన్ లెపర్డ్ 1కీ, మొదటి ఎం1కీ కూడా అదే, పడిపోయిన ట్యాంకులో వెతికితే దొరకొచ్చు. ఈ టెలిస్కోప్డ్ గుండు ఇంకే గన్‌లోనూ పట్టదు, ఇంకెవరూ తయారుచేయరు. ఆ రాత్రే నియమం మార్చేశాను. కొత్త ఎడిషన్‌లో తూటాలకు పాచికలు వేస్తారు, ట్యాంకు గన్‌కు నేను అది తీసేసి ఒక్కో గుండూ పేరుపేరునా లెక్కపెట్టించాను. అప్పటికి ఉన్నవి 23. ఇంక రావు, అని చెప్పేశాను. వాళ్ల మొహాలు చూడాలి.

ఆట మారిపోయింది. తర్వాతి సెషన్లో గుండు వేయాలా వద్దా అన్న దాని మీద నలభై నిమిషాలు వాదించుకున్నారు, చివరికి వేయలేదు. ట్యాంకు కనిపిస్తే చాలు ఎదుటివాళ్లు ఆగిపోతున్నారని వాళ్లకు అర్థమైంది. గన్‌లో ఏముందో అవతలివాడికి తెలియదుగా! ఒక ఊరి చెక్‌పోస్టు దగ్గరికి గన్‌లో గుండు లేకుండానే టరెట్ (గన్ ఉండే పై భాగం) తిప్పుకుంటూ వెళ్లి, చేతులు పైకెత్తించి, డీజిల్ తీసుకుని వచ్చారు. ఆ రోజు నేను పాచికలు వేయడమే మర్చిపోయాను.

ఇంధనం సంగతి చెప్పాలి, ఎందుకంటే సగం కథ అక్కడే నడిచింది. ఈ ఆటలో పెట్రోలు, డీజిల్ దాదాపు ఉండవు, దొరికిన ధాన్యమో దుంపలో కాచి సారా తీసి బండ్లకు పోయాలి. మావాళ్ల సారా బట్టీకి ఒక పేరు కూడా ఉంది, ఇక్కడ రాయలేను. టర్బైన్ గుణం ఏంటంటే పెద్దగా వంకలు పెట్టకుండా రకరకాల ఇంధనాలు తాగుతుంది, దోషం ఏంటంటే తాగుతూనే ఉంటుంది, ఆగి ఉన్నా తాగుతుంది. పైగా ఆల్కహాల్‌లో శక్తి తక్కువ, డీజిల్‌తో పోలిస్తే లీటరు ఇథనాల్‌లో అరవై శాతం లోపు, మిథనాల్‌లో సగం కూడా ఉండదు. అంటే ఒక రోజు నడవాలంటే నాలుగైదు రోజులు బట్టీ దగ్గర కాపలా. ఏనుగును కొని అంకుశానికి వెతుక్కోవడం అంటారే, మావాళ్లు ఆరేళ్లూ అంకుశానికే వెతుక్కున్నారు. రెండుసార్లు బండిని గుర్రాలతో లాగించాలని చూశారు, నేను ఒప్పుకోలేదు (20 టన్నులండీ!), ట్రాక్టర్‌తో కుదిరింది.

స్పేర్ పార్టుల విషయంలో నేను కాస్త మెత్తబడ్డాను. నమూనా బండికి విడిభాగాలు అదే రకం బండి నుంచి తప్ప రావని నియమం పెట్టాక, మా మెకానిక్ పాత్ర వేసే ఆయన, టర్బైన్ కదా, కూలిపోయిన హెలికాప్టర్ నుంచి కొన్ని ముక్కలు, కనీసం బేరింగులూ ఫిల్టర్లూ, పనికొచ్చేలా చేసుకోలేనా అని అడిగాడు. ఇంజనీర్ల దృష్టిలో అది ఎంతవరకు సబబో పక్కనపెడితే, ఆటకు ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. కష్టమైన స్కిల్ పరీక్ష పెట్టి ఒప్పుకున్నాను. దాంతో మూడు నెలల కథ ఒక కూలిన హెలికాప్టర్ చుట్టూ తిరిగింది.

దీని అసలు బలం గన్‌లో లేదు, బరువులో ఉంది. ఇది రిఫరీలు చాలామంది మర్చిపోతారు. కాలిష్ పక్కనే ప్రోస్నా నది పారుతుంది, దాటాలి. పెద్ద వంతెనలు కూలిపోయి, ఊరివాళ్లు దుంగలతో కట్టుకున్నది ఒకటి ఉంది. వెనక తరుముతున్నది సోవియట్ ట్యాంకు టీ-72, 41 టన్నులు. మావాళ్లు బండిలోంచి దిగగలిగినవాళ్లంతా దిగి, సామాను దించి, డ్రైవర్ ఒక్కడే నడుపుతూ మెల్లగా దాటించాడు. వెనకవాడు గట్టు మీదే ఆగిపోయాడు. ఒక్క గుండు పేలలేదు, ఆ సెషన్ గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటాం. లైట్ ట్యాంకు అంటే చిన్న ట్యాంకు అనుకుని యుద్ధంలో ఎదురెదురుగా నిలబెడితే అది మొదటి దెబ్బకే పోతుంది, పోవాలి కూడా. నా పట్టికలో దీని కవచం ముందువైపు కూడా పెద్ద ట్యాంకు గుండును ఆపదు, ఆ విషయంలో రిఫరీ జాలి పడకూడదు.

ఇంకో సంగతి, ఇది నాకు ఎవరూ చెప్పలేదు, ఆడితేనే తెలిసింది. ఆటోలోడర్, అంటే గుండును గన్‌లోకి దానంతటదే ఎక్కించే యంత్రం, ఒక ఆటగాడి కుర్చీ లాక్కుంటుంది! ఎల్ఏవీ-75లో ముగ్గురే. మేం ఐదుగురం, నన్ను తీసేస్తే నలుగురు, ఒకడు ఎప్పుడూ బయటే. మొదట్లో ఆ నాలుగోవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చునేవాడు. చివరికి అతన్ని ముందు నడిచే స్కౌట్‌ని చేశాం, నిజంగా లైట్ ట్యాంకులకూ కళ్లు అవసరమే కాబట్టి అది బాగా కుదిరింది. ఫ్రెంచ్ ఈఎల్‌సీ నమూనా అంటే నాకు ముచ్చట, మనిషి ఎత్తు కూడా లేని బుల్లి బండి, కానీ ఇద్దరే సిబ్బంది. ఇద్దరు ఆడుతుంటే మిగతావాళ్లు టీ తాగాలి.

అందుకే కొత్త క్యాంపెయిన్‌కి అమెరికా లైట్ ట్యాంకు ఎం551 షెరిడాన్ తీసుకున్నాం. ఇది నమూనా కాదు, 1969లో వియత్నాం వెళ్లింది, 1989లో పనామాలో పారాచూట్లతో దిగింది. అయినా బుద్ధి మాత్రం నమూనాదే. నలుగురు సిబ్బంది, అంటే అందరికీ కుర్చీ. అల్యూమినియం ఒళ్లు, దాని మీద 152 ఎంఎం గన్, అదే గొట్టంలోంచి షిల్లేలా క్షిపణి కూడా. మామూలు గుండు పేల్చితే ముందు చక్రాలు నేల వదిలి లేస్తాయి, ఆ కుదుపుకు క్షిపణి ఎలక్ట్రానిక్స్ పాడయ్యేవి, కాలిపోయే రకం తూటా డబ్బాలు చెమ్మ పీల్చుకునేవి. రిఫరీకి ఇంకేం కావాలి? ప్రతి పాచిక వెనకా ఒక కథ రెడీగా ఉంది. గుండు వేశాక క్షిపణి పని చేస్తుందో లేదో నేను తెర వెనక పాచిక వేసి చెప్పను. టెన్షన్ వాళ్లకే వదిలేస్తాను.

ఎక్స్ఎం8 కూడా ఆరు నెలలు వాడి చూశాం, వేరే గుంపుతో. కవచాన్ని మూడు స్థాయిల్లో తగిలించుకోవచ్చు, 105 ఎంఎం గన్, 21 గుండ్ల ఆటోలోడర్. అమెరికా సైన్యం 1996లో దాన్ని వదిలేసింది. చాలా మంచి బండి, అదే దాని సమస్య. గుండ్లు దొరుకుతాయి, నమ్మకంగా పనిచేస్తుంది, ఆట సాఫీగా సాగిపోతుంది, మర్నాటికి ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు. కవచం ఎంత తగిలించాలి, విమానంలో పట్టాలా వద్దా అన్న వాదన ఒక్కటే బాగుండేది, అది కూడా విమానాలు ఎగరని ఆటలో ఎందుకు?

కంప్యూటర్ ఆటల గురించి ఒక్క మాట. వార్ థండర్‌లో హెచ్ఎస్‌టీవీ-ఎల్ ఉంది, ఎక్స్ఎం8 ఉంది, వరల్డ్ ఆఫ్ ట్యాంక్స్‌లో టీ92, ఆర్‌యు 251 లాంటివి ఉన్నాయి. నేనూ ఆడతాను, ఆ గన్ శబ్దానికి చెవి కోసుకుంటాను. బండి ఆకారం, ఎత్తు, టరెట్ ఎలా తిరుగుతుందో మావాళ్లకు చూపించడానికి దానికి మించింది లేదు. కానీ అక్కడ చచ్చిపోతే ఇంకో బండి వస్తుంది, గుండ్లు మళ్లీ నిండుతాయి. ప్రపంచంలో ఒకటో రెండో తయారైన బండి ఒకే మ్యాచ్‌లో నాలుగు ఎదురొస్తాయి.

మా గుంపులో ఒకడు భారత్ కొత్త లైట్ ట్యాంకు జొరావర్ కావాలని ఏడాదిగా నా ప్రాణం తీస్తున్నాడు. 2024 జులైలో బయటికి చూపించారు, 25 టన్నులు, 105 ఎంఎం గన్, అదే డిసెంబరులో 4,200 మీటర్ల పైన ఎత్తులో గన్ పేల్చి చూశారు. ఆ ఎత్తులో ఇంజన్ ఊపిరి ఆడకపోవడం, చలికి బ్యాటరీలు, సన్నటి రోడ్లు, ఇవన్నీ ఆటకు బంగారమే. నేనింకా ఒప్పుకోలేదు, గాలి పలచబడితే ఎంత శక్తి తగ్గించాలో పట్టిక రాసుకోవాలి, తీరిక లేదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఎల్ఏవీ-75 తీసుకోవచ్చా అంటే, తీసుకోండి, కానీ పట్టికలో ఉన్నట్టు ఆడకండి. గుండ్లు మొదట్లోనే లెక్కపెట్టి ఇచ్చేయండి, ఇరవై దాటనివ్వకండి, నేను 23 ఇచ్చి ఆ మూడింటికి తర్వాత చాలా బాధపడ్డాను. బండి మీద పనిచేసిన ఒక్క టెక్నీషియన్ని సిబ్బందిలో పెట్టండి, అతనికి ఏమైనా అయితే మాన్యువల్ కూడా లేదని గుర్తుచేయండి. ట్యాంకుల మధ్య కాల్పులే ఆడాలనుకునే గుంపైతే దీని జోలికి రావద్దు, రెండో సెషన్‌కే తిట్టుకుంటారు.

మా బండి ఇప్పుడు వార్తా నది ఒడ్డున ఒక గడ్డివాములో ఉంది. గన్ చాంబర్ సీలు కారుతోంది, ఇంకోసారి పేలిస్తే ఏమవుతుందో పాచిక వేయాలి. పోయినసారి గన్నర్ ఒక గుండు చేత్తో పట్టుకుని, దీన్ని అమ్మితే ఆరు వారాల తిండి వస్తుందన్నాడు. కొనేదెవరు, ఇది పట్టే గన్ ఇంకెక్కడుంది అని డ్రైవర్ నవ్వాడు. అక్కడ ఆపాం.