వాక్యభాగం నుంచే ప్రసంగం: చాలా ఏళ్లు వాడి చూశాక నా అభిప్రాయం

కావలిలో ఉద్యోగం చేసుకుంటూ, అల్లూరు వైపు ఒక పల్లె క్రైస్తవ సంఘంలో నెలకు రెండు ఆదివారాలు వాక్యం చెబుతుంటాను. బైబిల్ కాలేజీలో చదివినవాణ్ని కాదు. నెల్లూరులో విశ్వాసుల కోసం శనివారం సాయంత్రాలు పెట్టిన ప్రసంగ శిక్షణ క్లాసుల్లో ఒక పద్ధతి నేర్పారు. అప్పట్నుంచీ దాన్నే వాడుతున్నాను. ముందు ఒక అంశం అనుకుని దానికి వచనాలు వెతుక్కునే బదులు, బైబిల్లోంచి ఒక వాక్యభాగం తీసుకుని అందులో ఏముందో అదే చెప్పడం. తమ్ముళ్లు చాలామంది "అన్నా, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు అది కుదురుతుందా?" అని అడుగుతుంటారు. కుదురుతుంది. కాకపోతే వారమంతా దాని వెంట ఉండాలి.

సోమవారం ఆ భాగాన్ని చేత్తో నోట్‌బుక్‌లో రాసుకుంటాను. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ఏ మాట మళ్లీ మళ్లీ వస్తోంది, దీనికి ముందూ వెనకా ఏముంది, ఇవి చూస్తాను. గురువారం దాకా వ్యాఖ్యాన పుస్తకం ముట్టుకోకూడదని మాకు నేర్పిన పెద్ద పాస్టరు గారి నియమం. మొదట్లో కష్టంగా అనిపించేది, ఇప్పుడు మాత్రం అన్నిటికంటే విలువైన నియమం అదేనంటాను. వేరేవాళ్ల ఆలోచన ముందే బుర్రలోకి వెళ్తే వాక్యం మనతో మాట్లాడే వీలుండదు. శుక్రవారానికి ఆ భాగం సారం ఒక్క వాక్యంలో రావాలి. శనివారం రాత్రి డాబా మీద పైకి చెప్పుకుంటాను.

రూతు గ్రంథం రెండో అధ్యాయం చెప్పినప్పటి సంగతి రాస్తాను. ఇంతకుముందు అదే అధ్యాయం మీద విన్న ప్రసంగాలు రూతు కష్టపడే గుణం దగ్గర మొదలై, కోడలు ఎలా ఉండాలో చెప్పి ముగిసేవి. చేత్తో రాస్తుంటే నా కళ్లకు వేరేది కనిపించింది. అత్త వెంట వచ్చి, కోత పొలంలో పరిగె (రాలిన కంకులు) ఏరుకుంటున్న రూతును మళ్లీ మళ్లీ మోయాబీయురాలనే, అంటే మోయాబు దేశస్థురాలనే పిలుస్తున్నారు. పరదేశినైన నా మీద ఎందుకింత దయ అని ఆమే అడుగుతోంది. పొలం అంచులు కోయకుండా బీదలకూ పరదేశులకూ వదలమని లేవీయకాండం 19లో ధర్మశాస్త్రం ఉంది. ఆ పొలం ఆసామి బోయజు అంతటితో ఆగలేదు. పనలలోంచి కూడా కావాలని పిడికిళ్లు జారవిడవమనీ, ఆమెను గద్దించవద్దనీ పనివాళ్లకు చెప్పాడు. సాయంత్రానికి ఆమె దుళ్లగొట్టిన యవలు ఏఫా దాకా అయ్యాయి, మన లెక్కలో సుమారు 22 లీటర్లు. ఆ వారం నా ఒక్క వాక్యం: "చట్టం వదలమన్నదానికంటే ఎక్కువ వదిలిన మనిషి చేతుల మీదుగా దేవుని దయ పరదేశికి అందింది."

మాది వరి పండే ఊరు. ఆరాధన అయ్యాక ఒక పెద్దమ్మ నా దగ్గరకొచ్చి, "నాయనా, మేం పరిగె ఏరుకోను పోతే కాపలావాళ్లు తరిమేవోళ్లు. ఆసామే పిడికిళ్లు వదలమన్నాడంటే ఆయన ఎంత మంచోడో మాకు తెలుసు. ఇప్పుడు కోత మిషన్లు వచ్చినంక పరిగే లేదు" అంది. నేను అరగంట చెప్పింది ఆమె తన బతుకులోంచి పట్టుకుంది. ఈ పద్ధతి మీద నాకు నమ్మకం గట్టిపడింది అక్కడే.

రెండో లాభం, వచనాన్ని దాని చోటులోనే ఉంచి చదవడం అలవాటవుతుంది. జనవరి 1న సంఘాల్లో వాగ్దాన వచనం ఇస్తారు కదా, మీ గురించి నా ఉద్దేశాలు మేలుకే అని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 చాలా ఇళ్ల గోడల మీద ఉంటుంది. దాని పై వచనంలోనే 70 ఏళ్ల మాట ఉంది. బబులోనుకు చెరపట్టబడినవాళ్లకు రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అని అందులో ఉంది. ఆ సంగతి చెప్పి వాగ్దానం ఇస్తే, ఈ ఏడాదే అప్పు తీరాలని ఎదురుచూసేవాళ్లకు నిరాశ కలగదు, ఓర్పు కలుగుతుంది. వాగ్దానం కార్డులు ఇవ్వొద్దని నేననను. పక్కనున్న వచనాలు కూడా చదివి ఇవ్వమంటాను.

ఇక లోటుపాట్లు. సామెతల గ్రంథంలో 10వ అధ్యాయం నుంచి చాలావరకు ఏ వచనానికి ఆ వచనమే నిలబడుతుంది. అక్కడ అధ్యాయమంతటికీ ఒక్క వాక్యం తీయాలని చూస్తే బలవంతమే అవుతుంది. అలాంటి చోట అంశం ప్రకారం వచనాలు కలుపుకోవడమే మేలు. సమాధి కార్యక్రమానికి, గృహప్రవేశ ప్రార్థనకు వారం రోజుల తయారీ ఎక్కడుంటుంది? వాటికోసం బైబిల్ కీర్తనల గ్రంథంలోంచి కొన్ని చిన్న కీర్తనలు ముందే సిద్ధం చేసి పెట్టుకోవాలి, క్లాసుల్లో ఈ మాట ఎవరూ చెప్పలేదు. మంచి సహాయక పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉన్నాయి, వాటిలో ఉదాహరణలు మంచు, మెట్రో రైళ్ల చుట్టూ తిరుగుతాయి. మన ఉదాహరణలు రొయ్యల గుంటల దగ్గర, పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర మనమే వెతుక్కోవాలి.

చెప్పే తీరు గురించి కూడా శిక్షణలో తక్కువే. మూడు పాయింట్లు ఎలా రాయాలో వారాల తరబడి నేర్పారు గానీ, మైకు సంగతి ఎత్తలేదు. పల్లె సంఘాల్లో పాటల కోసం మిక్సర్‌లో ఎకో పెడతారు, వాక్యానికి అది తీసేయరు. రేకుల షెడ్డులో ఆ ఎకోతో మాట్లాడితే వెనక కూర్చున్న ముసలివాళ్లకు సగం మాటలు కలిసిపోతాయి. మైకు పట్టుకునే ముందు ఎకో తీయించడం, వాక్యభాగాన్ని ఎక్కడ ఆపి చదవాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకోవడం, ఈ రెండూ నా ప్రసంగాలకు ఏ పాయింట్ల పట్టికకన్నా ఎక్కువ మేలు చేశాయి.

మొదలుపెట్టేవాళ్లు రోమా పత్రికలాంటి పెద్ద ఉత్తరం జోలికి వెళ్లకండి. రూతు, యోనా, ఫిలిప్పీయులకు, మూడూ నాలుగేసి అధ్యాయాలే. వారానికో అధ్యాయం చెబితే నెలకో పుస్తకం పూర్తవుతుంది, సంఘానికీ విసుగు రాదు.

చదువు లేదని వెనకాడేవాళ్లకు మన జిల్లాల చరిత్రే జవాబు. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు, నీళ్లలోకి దిగి బాప్తిస్మం ఇచ్చింది అమెరికా మిషనరీ జాన్ క్లౌ దొర కాదు, ఆరుగురు తెలుగు ప్రసంగికులు. ఆ తర్వాత ఊరూరా వాక్యం చెప్పిందీ ఎక్కువగా మనవాళ్లే.

నాకు మిగిలిన ఒక్క అసంతృప్తి, ఆ క్లాసులకు స్త్రీలను పిలవకపోవడం. మా స్త్రీల సమాజంలో వారం వారం వాక్యం చెప్పే అక్కలున్నారు. నా నోట్‌బుక్ చూసి పద్ధతి పట్టుకున్న ఒక అక్క హన్నా ప్రార్థన మీద మాట్లాడితే, విన్నవాళ్లు దాన్ని ఆదివారం కూడా చెప్పమన్నారు. శనివారం సాయంత్రం కాకుండా పగటిపూట క్లాసు పెడితే వీళ్లు కూలి పని లేని రోజుల్లో రాగలరని నిర్వాహకులకు చెప్పాను. మళ్లీ చెబుతాను కూడా.