ఎగ్మోర్ మ్యూజియమా, దక్షిణచిత్రా, చోళమండలమా? చెన్నైలో సెలవులకి ఏది మేలు?

ఏప్రిల్ వస్తే చాలు మా అపార్ట్‌మెంట్‌లో తెలుగువాళ్ళందరి మధ్యా ఇదే చర్చ. పిల్లల్ని ఆర్ట్ క్లాసులో చేర్చాలా, వీకెండ్ వర్క్‌షాప్‌లకి తీసుకెళ్తే చాలా, లేకపోతే ఊరికే మ్యూజియంలూ ఎగ్జిబిషన్లూ తిప్పితే సరిపోతుందా అని. మొన్న మా అక్క కూతురు వేళచ్చేరి నుంచి ఫోన్ చేసి "పిన్నీ, నువ్వు అన్నీ తిరిగావు కదా, ఏది మంచిదో చెప్పు" అంది, దానికి ఫోన్‌లో ముప్పావుగంట చెప్పిందే ఇక్కడ రాస్తున్నా. మేం పెరంబూర్‌లో ఉంటాం, పాపకి పదమూడు, బాబుకి ఏడు, ఇద్దరికీ బొమ్మలంటే ఇష్టం కానీ ఇద్దరి ఇష్టం ఒకలాంటిది కాదు, అందుకే అన్నిచోట్లకీ వెళ్ళాల్సొచ్చింది.

ముందే నా మాట చెప్పేస్తా. పదేళ్ళలోపు పిల్లలుంటే ఎగ్మోర్ మ్యూజియం, అదీ ఒక్కసారి కాదు, సెలవుల్లో నాలుగైదు సార్లు. ఒక్క రోజే టైముంది, ఊరి నుంచి పెద్దవాళ్ళు కూడా వచ్చారు అంటే కళ్ళు మూసుకుని దక్షిణచిత్ర, పాత ఇళ్ళూ చేతిపనులూ ఉన్న చోటు. ఇంట్లో టీనేజ్ పిల్ల పుస్తకం నిండా సొంతంగా బొమ్మలు వేస్తోందంటే చోళమండలం, అది కళాకారుల ఊరు. నెలనెలా ఫీజు కట్టే క్లాసు మాత్రం ఈ మూడూ అయ్యాకే.

ఎందుకలా అంటున్నానో క్లాసు సంగతితోనే మొదలుపెడతా. రెండేళ్ళ కింద బాబుని దగ్గర్లోనే ఒక డ్రాయింగ్ క్లాసులో చేర్చాం, పేరు అనవసరం. బోర్డు మీద రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఒక కొబ్బరిచెట్టు వేసేవాళ్ళు, పిల్లలందరూ అదే వెయ్యాలి. మావాడు సూర్యుడికి ఆకుపచ్చ రంగు వేస్తే వాళ్ళే పెన్సిల్ తీసుకుని దాని మీద పసుపు దిద్దేశారంట. ఆ తర్వాత రెండు నెలలు వాడు ఇంట్లో క్రేయాన్ ముట్టుకోలేదు, అడిగితే "నాకు సరిగ్గా రాదమ్మా" అన్నాడు. ఐదేళ్ళవాడి నోటి నుంచి ఆ మాట వింటే ప్రాణం ఉసూరుమంది. క్లాసులన్నీ అలాంటివే అనను, మంచివీ ఉన్నాయి. కానీ చేర్చే ముందు ఒక రోజు వెళ్ళి పిల్లలు వేసిన బొమ్మలు చూడండి, పదిహేను మందివీ ఒకేలా ఉన్నాయంటే వచ్చెయ్యండి.

సరే, ఎగ్మోర్. అసలు పేరు గవర్నమెంట్ మ్యూజియం, పాంథియన్ రోడ్డులో, 1851లో మొదలైంది, పక్కనే కన్నెమరా లైబ్రరీ. ఎగ్మోర్ స్టేషన్‌లో దిగితే, మెట్రో అయినా లోకల్ ట్రైన్ అయినా, అక్కణ్ణించి ఆటోకి పెద్ద దూరం కాదు. శుక్రవారం సెలవు, ఇది గుర్తుపెట్టుకోండి, మేం ఒకసారి గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాం. చాలామంది అక్కడికి వెళ్ళి తిమింగలం ఎముకలూ స్టఫ్ చేసిన జంతువులూ చూసి వచ్చేస్తారు, పిల్లలకి అవీ కావాలి, కాదనను. కానీ తెలుగువాళ్ళు అక్కడ అమరావతి గ్యాలరీ చూడకుండా వస్తే నాకు నిజంగా బాధేస్తుంది. గుంటూరు వైపు కృష్ణ ఒడ్డున ఉన్న అమరావతి మహాచైత్యం, అంటే పెద్ద బౌద్ధ స్తూపం, దాని రాళ్ళు అవి, దాదాపు రెండు వేల ఏళ్ళ నాటివి. వాల్టర్ ఇలియట్ అనే దొర 1845లో తవ్వించి మద్రాసుకి పంపించాడు, అందులో చాలా రాళ్ళు 1859లో ఓడెక్కి లండన్ పోయాయి, అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ తర్వాతి తవ్వకాల్లో దొరికినవీ కలిపి ఇంకా చాలా మనకి ఎగ్మోర్‌లోనే ఉన్నాయి. అందరూ పాలరాయి అంటారు గానీ అది మన పల్నాడు సున్నపురాయి.

అందులో ఒక గుండ్రటి శిల్పం ఉంది, నాలగిరి ఏనుగు కథ. బుద్ధుడి మీదకి మదించిన ఏనుగుని వదిలితే అది ఆయన ముందు మోకరిల్లిన కథ కదా, శిల్పి ఆ రెండు ఘట్టాల్నీ ఒకే చక్రంలో చెక్కాడు. ఒక పక్క ఏనుగు జనం మీద పడుతుంటే అందరూ చెల్లాచెదురవుతున్నారు, పైన కిటికీల్లోంచి ఆడవాళ్ళు చూస్తున్నారు, ఇంకో పక్క అదే ఏనుగు బుద్ధుడి కాళ్ళ దగ్గర వంగి ఉంది. మావాడు మొదటిసారి చూసి రెండు ఏనుగులు అనుకున్నాడు. రెండోసారి వెళ్ళినప్పుడు వాడే "అమ్మా రెండూ ఒకటే ఏనుగు, ఇక్కడ కోపం, ఇక్కడ సారీ" అన్నాడు. ఆ మాట కోసమైనా రెండోసారి వెళ్ళాలి అంటాను నేను. ఒక్కసారికే అన్నీ చూపించేద్దామని పరిగెడితే పిల్లలకి కాళ్ళు నొప్పులే మిగుల్తాయి. ఒకసారికి ఒక్క గ్యాలరీ, ఒక పుస్తకం, ఒక పెన్సిల్, నచ్చినదాని ముందు కూర్చుని అరగంట వెయ్యనివ్వండి, అంతే. ఇంకోసారి కంచు విగ్రహాల గ్యాలరీ. తిరువాలంగాడు నటరాజు అక్కడే ఉన్నాడు, ఫ్రాన్స్ శిల్పి రోడాన్ ఫొటోలు చూసి మురిసిపోయి వ్యాసం రాసింది ఆ విగ్రహం గురించే. తిరువెణ్‌కాడు అర్ధనారీశ్వరుడు కూడా ఉన్నాడు, మా పాప ఆ విగ్రహంలో ఒక పక్క భుజం, ఇంకో పక్క భుజం ఎలా తేడాగా ఉన్నాయో గంటసేపు వేసింది.

లోపాలూ ఉన్నాయి. బోర్డుల మీద వివరం తక్కువ, తెలుగులో అసలు ఉండదు, అందుకని వెళ్ళే ముందు రాత్రి బుద్ధుడి పూర్వజన్మల జాతక కథ ఒకటి మీరే చెప్పి తీసుకెళ్ళండి. ఎండాకాలం లోపల ఉక్కపోత, మంచినీళ్ళు తీసుకెళ్ళాలి. చేత్తో ఏదైనా చేయిద్దామంటే మాత్రం ఇది చోటు కాదు, ఇక్కడ ప్రధానంగా చూడ్డమే.

చేత్తో చెయ్యాలంటే దక్షిణచిత్ర. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడులో, ఊరికి దక్షిణంగా పాతిక కిలోమీటర్లు ఉంటుంది, మాకు పెరంబూర్ నుంచి పోనూ రానూ కలిపి మూడు గంటలు రోడ్డు మీదే. మహాబలిపురం వైపు పోయే బస్సులుంటాయి కానీ పెద్దవాళ్ళతో అయితే కారే నయం. మంగళవారం సెలవు. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ వాళ్ళది, డెబోరా త్యాగరాజన్ గారు మొదలుపెట్టారు, 1996 డిసెంబర్‌లో తెరిచారు, కట్టడాల డిజైన్‌లో లారీ బేకర్ చెయ్యి ఉంది. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర పాత ఇళ్ళని ఉన్నచోట జాగ్రత్తగా విప్పి, దూలాలూ స్తంభాలూ తలుపులూ తెచ్చి ఇక్కడ మళ్ళీ నిలబెట్టారు, కేరళ సిరియన్ క్రిస్టియన్ ఇల్లు, చెట్టినాడు ఇల్లు, అగ్రహారం వీధి, అన్నిట్లోకీ లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు.

మనవైపువి ఇకత్ (నూలుకి ముందే రంగులద్ది నేసే బట్ట) నేతగాళ్ళ ఇల్లు ఒకటి, కోస్తా చుట్టిల్లు ఒకటి. ఆ చుట్టిల్లు దగ్గర మా అత్తయ్యగారు ఆగిపోయారు. విశాఖ వైపు వాళ్ళ పుట్టింటి ఊళ్ళో అలాంటివి ఉండేవంట, గుండ్రటి మట్టిగోడ, తాటాకు కప్పు దాదాపు నేల దాకా దిగి ఉంటుంది, వంగి లోపలికి వెళ్ళాలి, తుఫాను గాలి ఆ గుండ్రం చుట్టూ జారిపోతుంది తప్ప ఒక్క గోడ మీదే పడదు. మావాడు లోపలంతా చూసి "నానమ్మా, మూలలు లేవు కదా, మరి మంచం ఎక్కడేసుకునేవాళ్ళు?" అన్నాడు. "మంచం ఎవరికుందిరా, చాప పరుచుకునేవాళ్ళం, పొద్దున్నే చుట్టేసి అటక మీద పెట్టేసేవాళ్ళం" అని ఆవిడ అక్కడే కూర్చుని గంటసేపు చెప్పారు, అటక మీద ఏం దాచేవాళ్ళు, దొంగతనంగా బెల్లం ఎలా తినేవాళ్ళు, అన్నీ. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ చిన్నతనం గురించి నేను అంత వినడం అదే మొదటిసారి. పెద్దవాళ్ళొస్తే దక్షిణచిత్ర అని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక పిల్లలకి అక్కడ కుమ్మరి సారె, తాటాకు బొమ్మలు, బుట్టలల్లడం లాంటివి, విడిగా కొంచెం డబ్బు కడితే చేయిస్తారు, వీకెండ్లలో జానపద ప్రదర్శనలు ఉంటాయి, వరిజ గ్యాలరీలో ఎగ్జిబిషన్లు మారుతుంటాయి, పెద్దవాళ్ళకీ వర్క్‌షాప్‌లు పెడుతుంటారు. మావాడి కుండ పచ్చిది కదా, ఇంటికొచ్చేసరికి ఒక పక్కకి వాలిపోయింది, అయినా ఇప్పటికీ టీవీ పక్కనే ఉంది. ఆ రోజు సారె దగ్గర కుమ్మరాయన మావాడి చేతుల మీద చెయ్యి వేసి పట్టుకున్నాడే గానీ తన కుండ చేసి వీడికివ్వలేదు. ఆ క్లాసుకీ దీనికీ తేడా నాకు అక్కడ అర్థమైంది. కాకపోతే పది నిమిషాల్లో అయిపోయేదాన్ని నేర్చుకోవడం అనలేం, రుచి చూపించడం అంతే, దాని తర్వాత పిల్లాడు మళ్ళీ మళ్ళీ అడిగితే అప్పుడు క్లాసు వెతకండి. ఖర్చు కూడా చూస్కోండి, ఐదుగురం టికెట్లు, కారు, భోజనం, ఈ యాక్టివిటీలు అన్నీ కలిపితే ఎగ్మోర్ నాలుగుసార్లు వెళ్ళిరావచ్చు. మేలో అగ్నినక్షత్రం ఎండల్లో మాత్రం మధ్యాహ్నం పూట వద్దు, ఎక్కువ భాగం ఆరుబయటే, ఉప్పుగాలి, చెమట. డిసెంబర్, జనవరి హాయి. నవరాత్రికి బొమ్మల కొలువు పెడతారు, అప్పుడు ఇంకా బావుంటుంది.

చోళమండలం కూడా అదే ఈసీఆర్ మీద, ఊరికి దగ్గరగా, ఇంజంబాక్కంలో. ఒక్క రోజులో రెండూ చూద్దామని చాలామంది ప్లాన్ వేస్తారు, నేనైతే వద్దంటా, రెండోదానికొచ్చేసరికి అందరూ వాడిపోయి ఉంటారు. 1966లో కె.సి.ఎస్. పణికర్ గారు, అప్పుడాయన మద్రాసు ఆర్ట్ స్కూల్ ప్రిన్సిపాల్, తన విద్యార్థులతో కలిసి పెట్టిన ఊరు ఇది. బొమ్మలు అమ్ముడుపోక ఉద్యోగాలు వెతుక్కోవాల్సిన పరిస్థితి లేకుండా, బాతిక్ (మైనంతో బట్ట మీద చేసే అద్దకం) లాంటి చేతిపనులు చేసి అమ్మి, ఆ డబ్బులు కూడబెట్టి స్థలం కొనుక్కున్నారు. పొద్దున బట్ట మీద మైనం, సాయంత్రం సొంత బొమ్మ. కళాకారులే కట్టుకుని కళాకారులే నడుపుకునే చోటు మన దేశంలో ఇంత కాలం నిలవడం చిన్న విషయం కాదు. అక్కడి మ్యూజియంలో మద్రాస్ మూవ్‌మెంట్ వాళ్ళవి, అంటే ఆ ఆర్ట్ స్కూల్ చుట్టూ ఎదిగిన చిత్రకారులవీ శిల్పులవీ ఉంటాయి, జానకిరామ్ గారు రేకు కొట్టి చేసిన శిల్పాలు, నందగోపాల్ లోహపు పనులు, పణికర్ గారి అక్షరాలూ గుర్తులూ నిండిన బొమ్మలు. బయట చెట్ల కింద రాతి శిల్పాలు, పక్కన అద్దెకిచ్చే గ్యాలరీల్లో కొత్తవాళ్ళ షోలు.

మావాడికి ఇక్కడ అరగంటలో బోర్ కొట్టింది, దాచడమెందుకు. కానీ మా పాప పణికర్ బొమ్మ ముందు నిలబడి "అమ్మా ఇవి ఏ భాష అక్షరాలు?" అంది, ఏ భాషవీ కాకుండానే అక్షరాల్లా ఉన్నాయని నేనంటే, ఇంటికొచ్చి తనకో లిపి తయారుచేసుకుని నోట్‌బుక్ నింపేసింది. ఆ రోజు ఒక షో పెట్టిన అమ్మాయి అక్కడే ఉంటే ఆ అమ్మాయితో మా పాప ఇరవై నిమిషాలు మాట్లాడింది, ఏ పేపరు వాడతారు, రంగు ఎన్నిసార్లు వేస్తారు అని. అలా బొమ్మ వేసిన మనిషే ఎదురుగా దొరకడం ఎగ్మోర్‌లో కుదరదు. గ్రీమ్స్ రోడ్డు లలిత కళా అకాడమీ గ్యాలరీలో కూడా ఇది దొరుకుతుంది, ఊరి మధ్యలోనే, వేసినవాళ్ళు చాలాసార్లు అక్కడే కూర్చుని ఉంటారు, ఈసీఆర్ దాకా పోలేనివాళ్ళు అక్కడికెళ్ళండి. టీనేజ్ పిల్లలకి ఫొటోగ్రఫీ ఇష్టమైతే చెన్నై ఫొటో బియెన్నాలే అనే ఫొటోల ప్రదర్శన వచ్చినప్పుడు వదలొద్దు, 2016 నుంచి జరుగుతోంది, ఏటా ఉండదు.

ఏ షో ఎప్పుడు అన్నది ఆయా చోట్ల ఇన్‌స్టాగ్రామ్ పేజీల్లో చూస్కోవడమే, బయల్దేరే ముందు ఒక ఫోన్ కొట్టండి, వర్క్‌షాప్ అయితే ఏ వయసువాళ్ళకో, సామాన్లు వాళ్ళే ఇస్తారో మనం తేవాలో తప్పకుండా అడగండి.

మా అక్క కూతురికి చివరికి చెప్పింది ఇది. నీకు ఆరేళ్ళ పిల్ల, వేళచ్చేరిలో ఉంటావు, నీకు దక్షిణచిత్ర మాకంటే దగ్గర, కాబట్టి ఎండలు తగ్గాక ఒకసారి వాళ్ళ తాతయ్య నానమ్మలతో అక్కడికి వెళ్ళు, ఈ సెలవుల్లో మాత్రం వారానికో రోజు ఎగ్మోర్ తీసుకురా, పొద్దున్నే రా, నేనూ మావాణ్ణి తీసుకొస్తా. పోయిన సెలవుల్లో వాడు నాలగిరి బొమ్మ మొదలుపెట్టాడు, కోపంగా ఉన్న ఏనుగు అయిపోయింది, కిటికీల్లో ఇద్దరు ఆడవాళ్ళు కూడా అయ్యారు. మోకరిల్లిన ఏనుగు ఇంకా వెయ్యాలి, ఆ పుస్తకం బ్యాగులో అలాగే ఉంది.