గరుకు జుట్టుకు ఏది మేలు? కొబ్బరి నూనెనా, ఆముదమా, షియా బటరా?

ఉంగరాలు తిరిగి, మందంగా, ముట్టుకుంటే గరుకుగా తగిలే జుట్టు ఉన్నవాళ్లకు అనంతపురంలో రెండు వైపుల నుంచీ కష్టమే. మొదటిది గాలి. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మనది. మార్చి వచ్చిందంటే పొద్దున వేసుకున్న జడ మధ్యాహ్నానికే పెళుసుగా తయారవుతుంది. రెండోది నీళ్లు. తాగడానికి పీఏబీఆర్ (పెన్న అహోబిలం రిజర్వాయరు) నీళ్లు పట్టుకున్నా, తలస్నానానికి చాలా ఇళ్లలో బోరే దిక్కు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకల మీద పేరుకుని గరుకును ఇంకా పెంచుతాయి. అందుకే సముద్రం పక్కన, తేమ గాలిలో ఉండేవాళ్లు చెప్పే నూనె చిట్కాలు ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు పనిచేయవు.

ఇంకో సంగతి ముందే తెలుసుకోవాలి. నూనెలో గానీ, షియా లాంటి గింజల బటర్లలో గానీ నీళ్లు ఉండవు. కాబట్టి అవి జుట్టుకు తడి ఇవ్వలేవు. చేయగలిగినవి రెండే పనులు. తలంటుకు ముందు రాస్తే, వెంట్రుక నీళ్లు పీల్చి మరీ ఉబ్బిపోకుండా కాస్తాయి. తలంటు తర్వాత రాస్తే, అప్పటికే జుట్టులో ఉన్న తడి తొందరగా ఆరిపోకుండా ఆపుతాయి. ఈ రెండు పనులకూ ఒకే నూనె సరిపోదు. పూర్తిగా ఎండిన జుట్టుకు పైపైన నూనె పూస్తే మెరుపు వస్తుంది గానీ మెత్తదనం రాదు. "ఎంత నూనె పెట్టినా లాభం లేదు" అని బాధపడేవాళ్లలో చాలామంది రాస్తున్నది ఎండు జుట్టుకే.

తలంటుకు ముందు రాసే నూనె విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. కొబ్బరి నూనే. అందులో దాదాపు సగం లారిక్ ఆమ్లం. దాని అణువు చిన్నది, తిన్నగా ఉంటుంది, వెంట్రుకలోని ప్రొటీన్‌ను అంటిపెట్టుకుంటుంది. అందుకే పైన పూతలా మిగిలిపోకుండా లోపలికి దిగుతుంది. 2003లో మన దేశపు పరిశోధకులే కొబ్బరి నూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ (పెట్రోలియం నుంచి తీసే నూనె) మూడింటినీ పక్కపక్కన పెట్టి పరీక్షించారు. జుట్టు నుంచి పోయే ప్రొటీన్‌ను చెప్పుకోదగ్గంతగా తగ్గించింది కొబ్బరి నూనె ఒక్కటే. ముందురోజు రాత్రి రాస్తే మంచిది, కుదరకపోతే తలంటుకు రెండు మూడు గంటల ముందైనా రాయాలి. చివర్లకు ఎక్కువ పట్టించండి. వెంట్రుకలో అన్నిటికంటే పాత భాగం అదే, చిట్లేదీ అక్కడే.

కొనేటప్పుడు సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. మల్లెపూల బొమ్మ, బాదం బొమ్మ ఉన్న చాలా తలనూనెల్లో మొదటి పేరు లైట్ లిక్విడ్ పారాఫినో, మినరల్ ఆయిలో అయి ఉంటుంది. దానివల్ల చెడేం లేదు, చిక్కు తీయడానికి పనికొస్తుంది. కానీ లోపలికి దిగదు. కొబ్బరి నూనె పని అది చేస్తుందని మాత్రం అనుకోకండి.

మరి మన చెనిక్కాయ నూనె? గానుగ ఆడించిన నూనె వంటింట్లోనే ఉంటుంది కదా అని చాలామంది అడుగుతారు. అందులో ఎక్కువ భాగం ఓలిక్, లినోలిక్ ఆమ్లాలు. జుట్టుకు హాని లేదు, కాస్త నునుపు ఇస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. వంటకే ఉంచుకోండి. ఇంట్లో తీసిన వెన్న అసలు వద్దు. అందులోని పాల పదార్థం మన ఎండకు ఒక్క పూటలోనే వాసన కొడుతుంది.

అసలు పోటీ తలంటు తర్వాత రాసుకునే వాటి మధ్యే. ఇక్కడ షియా బటర్, నువ్వుల నూనె, ఆముదం మూడూ నిలబడతాయి.

షియా బటర్ పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా. ఘనా, బుర్కినా ఫాసో, నైజీరియా వైపు పెరిగే షియా చెట్టు గింజల నుంచి తీస్తారు. అక్కడివాళ్ల జుట్టు మనకంటే ఎంతో బిగువైన ఉంగరాలతో ఉంటుంది, చలికాలంలో సహారా నుంచి పొడి గాలి వీస్తుంది. అలాంటి గాలిలో తరతరాలుగా ఒంటికీ తలకూ వాడుతున్న వస్తువు కాబట్టి మన పొడి వాతావరణానికి ఇది నప్పడంలో వింత లేదు. వెంట్రుక మీద చిక్కటి పొరగా నిలిచి తడిని ఆపుతుంది. మందపాటి జుట్టు ఆ బరువును మోయగలదు, పలచటి జుట్టయితే అతుక్కుపోయి నూనె ఓడుతున్నట్టు కనిపిస్తుంది.

చిక్కల్లా ఎండాకాలంలోనే. షియా సుమారు 32 నుంచి 38 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మనకు 40 దాటుతుంది కదా, డబ్బాలో అది నూనె అయిపోతుంది. రాత్రి మెల్లగా చల్లారితే రవ్వలా పలుకులు కడుతుంది. పాడైందని పారేయకండి. పూర్తిగా కరగబెట్టి, వెంటనే ఫ్రిజ్‌లో పెడితే మళ్లీ నున్నగా గడ్డకడుతుంది. తల మీదా ఇదే జరుగుతుంది. ఎక్కువ రాసుకుని ఎండలో బస్టాండు దాకా నడిస్తే నుదుటి మీదికి జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది. కాబట్టి నా లెక్కలో షియా అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా వాడాల్సిన వస్తువు. ఆ నెలల్లో దీనికి సాటి లేదు.

ఎండాకాలంలో నా ఓటు నువ్వుల నూనెకే. కొబ్బరి నూనె అంత లోతుకు దిగదు, షియా అంత మందంగా నిలవదు. కానీ పలచగా పరుచుకుంటుంది, తడి జుట్టు మీద నాలుగైదు చుక్కలు చాలు. పైగా గానుగ దగ్గరికి వెళ్లి కళ్లముందు ఆడించుకుని తెచ్చుకోవచ్చు, షియాలా ఆన్‌లైన్‌లో తెప్పించుకుని అసలుదో కల్తీదో అని టెన్షన్ పడక్కర్లేదు. వాసన నచ్చనివాళ్లు మ్యాంగో బటర్ చూడవచ్చు. మామిడి టెంకలోని జీడి నుంచి తీస్తారు, షియాకు దగ్గరగానే పనిచేస్తుంది, వాసన తక్కువ. కోకమ్ బటర్ మాత్రం మరీ గట్టిది, దేనిలోనైనా కలిపితే తప్ప జుట్టుకు పట్టదు.

ఆముదం మీద మన ఊళ్లలో ఉన్న నమ్మకం పెద్దది. చెనిక్కాయ చేను గట్ల మీద ఆముదం మొక్కలు చూస్తూ పెరిగినవాళ్లం, పసిపిల్లల మాడుకు అదే అద్దేవాళ్లు. జుట్టు పెంచుతుందని గట్టి రుజువు ఏదీ లేదు. అయినా తడిని ఆపడంలో గట్టిదే. అందులో 85 శాతానికి పైగా ఉండే రిసినోలిక్ ఆమ్లమే ఆ జిగటకు కారణం. ఆ జిగటే గరుకు జుట్టుకు ప్రమాదం కూడా. ఒత్తుగా పట్టించి రుద్దితే జుట్టు మొత్తం ముద్దకట్టి, విడదీయలేక కత్తిరించాల్సి వచ్చిన సందర్భాలు వైద్యులు నమోదు చేశారు. ఒక వంతు ఆముదానికి మూడు నాలుగు వంతుల కొబ్బరి నూనె కలిపి, చివర్లకు మాత్రమే రాయండి. ఒట్టి ఆముదంతో తల రుద్దకండి.

రాసే పద్ధతి ఏ నూనెకైనా ఒకటే. తలస్నానం చివర్లో రెండు చెంబులు మున్సిపాలిటీ నీళ్లు పోసుకోగలిగితే బోరు నీళ్ల ఉప్పు చాలావరకు పోతుంది. కర్నూల్లో తుంగభద్ర నీళ్లు వచ్చే ఇంట్లో ఉండే మా అక్క కూతురికి నాలాంటి జుట్టే, నేను వాడేదాంట్లో సగం షియాతో సరిపోతుంది. తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు పంచెతో అద్దండి. నీళ్లు కారడం ఆగి ఇంకా తడి ఉన్నప్పుడే, శనగగింజంత షియాను అరచేతుల్లో కరిగించి, చెవుల దగ్గర నుంచి కిందికి పట్టించి, వదులుగా జడ వేసుకోండి. నడుము దాకా జుట్టు ఉంటే రెండు గింజలంత తీసుకోండి. ఆరిన తర్వాత గుర్తొస్తే ఆ పూటకు మానేయండి, లేదా ముందు నీళ్లు చల్లుకోండి.

చుండ్రు ఉన్నవాళ్లు వీటిలో దేన్నీ మాడుకు రాసి రాత్రంతా ఉంచకూడదు. చుండ్రుకు కారణమయ్యే మలసీజియా అనే ఫంగస్‌కు కొవ్వే ఆహారం. మాడు వదిలేసి జుట్టు పొడవునా రాసుకుని, చుండ్రుకు కీటోకోనజోల్ షాంపూ గురించి చర్మ వైద్యులను అడగండి. నుదుటి మీద మొటిమలు లేచే పిల్లలకైతే కొబ్బరి నూనె, కోకో బటర్ రెండూ ముఖానికి తగలకుండా చూడాలి. నూనె రాసిన రాత్రి జుట్టును గుడ్డతో చుట్టి, పొద్దున దిండు గలీబు మార్చండి.