పట్టుబడ్డవాళ్ళ జాడ వెతుకుతూ విశాఖలో

విశాఖ వెళ్ళేవాళ్ళు బీచ్ చూస్తారు, సింహాచలం వెళ్తారు, టైముంటే అరకు ఎక్కుతారు. మేం ఈసారి వాటిని పక్కనపెట్టి, యుద్ధాల్లో శత్రువు చేతికి చిక్కినవాళ్ళ చరిత్ర ఇక్కడ ఎంతవరకు దొరుకుతుందో చూద్దామని తిరిగాం. దీనికంటూ ప్రత్యేకంగా మ్యూజియం ఏదీ కనిపించలేదు. బీచ్ రోడ్డులో కొంత, పాత ఊళ్ళో కొంత, ఫిషింగ్ హార్బర్‌లో కొంత, అల్లూరి సమాధి ఉన్న కృష్ణదేవిపేటలో చాలా ఎక్కువ దొరికింది. ఓపిక ఉన్నవాళ్ళకు మాత్రం ఇది మంచి యాత్రే.

నాతో వచ్చింది మా పెదనాన్న. ఆర్మీలో చేసి రిటైరయ్యారు. 1971 యుద్ధం తర్వాత రాంచీలోని పాకిస్తానీ ఖైదీల క్యాంపులో కాపలా డ్యూటీ చేశారు. ఈ యాత్ర ఆయన కోసమే పెట్టుకున్నాను. పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళాలనుకునేవారికి పనికొస్తుందని బస సంగతి ముందు రాస్తున్నాను.

మొదట సముద్రం కనిపించే గది అని బీచ్ రోడ్డు పక్క ఒక హోటల్ ఆన్‌లైన్‌లో బుక్ చేశాం. కిటికీలోంచి సముద్రం కనిపించిన మాట నిజమే. కానీ లిఫ్ట్ పనిచెయ్యలేదు, మాకిచ్చింది మూడో అంతస్తు. కింద గది అడిగితే రిసెప్షన్‌లో కుర్రాడు "సార్, రేపు చూద్దాం" అన్నాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని మెట్లెక్కించి రేపటిదాకా ఆగమనడం ఏం పద్ధతి? మర్నాడే ఖాళీ చేసి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక మామూలు లాడ్జికి మారాం. సముద్రం లేదు గానీ పొద్దున్నే వేడినీళ్ళు, వెస్ట్రన్ టాయిలెట్, గేటు దాటగానే ఇడ్లీ బండి ఉన్నాయి. అద్దె దాదాపు సగం. నర్సీపట్నం బస్సు కూడా కాంప్లెక్స్‌లోనే ఎక్కొచ్చు. ఇలాంటి తిరుగుడుకి బీచ్ గది కన్నా ఇదే నయం.

ఆర్కే బీచ్‌లో మొదట చూడాల్సింది విక్టరీ ఎట్ సీ స్మారకం. 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టారు. ఏటా డిసెంబరు 4న నేవీ డే రోజు ఇక్కడ పుష్పగుచ్ఛాలు ఉంచుతారు. ఆ యుద్ధంలో మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం వెతుకుతూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీల వల్లనా, లోపలే ఏదో పేలిందా అన్నది ఇప్పటికీ వాదనే. లోపలున్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు. పట్టుకోవడానికి మనిషే మిగల్లేదన్నమాట. విజయస్తంభం ముందు సెల్ఫీలు దిగుతున్న జనం మధ్య నిలబడి పెదనాన్న "వాళ్ళూ డ్యూటీ మీద వచ్చినవాళ్ళేరా" అన్నారు. అవతలివాళ్ళ గురించి కూడా ఒక్క వాక్యం అక్కడ ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

విశాఖకు ఇంకో సంబంధం ఉంది. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెడుతున్న ఫోటో అందరూ చూసే ఉంటారు. అందులో వెనక నిలబడ్డవారిలో వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఒకరు. ఆయన అప్పట్లో విశాఖలోని తూర్పు నౌకాదళ కమాండ్‌కు అధిపతి. లొంగిపోయినవాళ్ళను జెనీవా ఒప్పందం ప్రకారం గౌరవంగా చూస్తామని ఆ పత్రంలోనే రాసి ఉంది. దాదాపు 93,000 మంది మన చేతికి వచ్చారు. అందరూ సైనికులు కారు, ఉద్యోగులూ కుటుంబాలూ కూడా ఉన్నారు. మీరట్, ఆగ్రా, జబల్‌పూర్, రాంచీ లాంటి చోట్ల క్యాంపులు పెట్టారు. వాళ్ళ తిండి, వైద్యం, ఉత్తరాలు అన్నీ మన సర్కారు బాధ్యతే.

ఆ ఉత్తరాల గురించి చెప్పేటప్పుడు పెదనాన్న బీచ్ గోడ మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. మురీ మిక్చర్ పొట్లం చేతిలోనే మెత్తబడిపోయింది. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం ఖైదీ పేరు, హోదా, పుట్టినతేదీ, సర్వీసు నంబరు చెబితే చాలు, ఇంకేం చెప్పమని బలవంతపెట్టకూడదు. క్యాంపు చేరిన వారంలోపు "నేను ఫలానా చోట ఉన్నాను" అని ఇంటికి కార్డు రాసే అవకాశం ఇవ్వాలి. నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు రాసుకోనివ్వాలి. పైనుంచి విమానాలకు కనిపించేలా క్యాంపు మీద గుర్తులు వెయ్యాలి. ఇవన్నీ నేను చదివి తెలుసుకున్నవి. పెదనాన్న కళ్ళారా చూసినవి వేరే. పొద్దునా సాయంత్రం లెక్క తీసేవారట. రెడ్‌క్రాస్ ద్వారా ఉత్తరాలు వచ్చిన రోజు లెక్క త్వరగా తేలిపోయేదట, ఎవరూ లైను తప్పేవారు కాదు కాబట్టి. ఒకరోజు ఒక సిపాయి తంతి కంచె దగ్గరికి వచ్చి, తను పట్టుబడ్డాక పుట్టిన కూతురి ఫోటో చూపించాడట. "ఫోటో వెనక ఉర్దూలో పేరు రాసుంది. నాకు చదవడం రాదు. వాడే చదివి వినిపించాడు" అన్నారు పెదనాన్న. ఆ పేరు ఆయనకు ఇప్పటికీ గుర్తుంది.

వాళ్ళు ఇళ్ళకు చేరడానికి మాత్రం చాలాకాలం పట్టింది. 1972 జులైలో సిమ్లా ఒప్పందం జరిగినా, 1973 ఆగస్టులో ఢిల్లీ ఒప్పందం కుదిరేదాకా విడుదల పెద్దఎత్తున మొదలవలేదు. చివరగా నియాజీ 1974 ఏప్రిల్ 30న వాఘా దాటాడు. పోరాటం ఆగగానే ఆలస్యం లేకుండా పంపెయ్యాలని జెనీవా ఒప్పందంలో ఉన్నా, రాజకీయాల మధ్య మామూలు సిపాయిలు రెండేళ్ళకు పైగా ఉండిపోయారు. ఇటు మనవాళ్ళు ఆరువందలకు పైగా 1972 డిసెంబరులో తిరిగొచ్చారు. కానీ 54 మంది పాకిస్తాన్ జైళ్ళలోనే ఉండిపోయారని వాళ్ళ కుటుంబాలు దశాబ్దాలుగా నమ్ముతూనే ఉన్నాయి. తమ దగ్గర ఎవరూ లేరంటుంది పాకిస్తాన్. ఈ విషయం వచ్చాక పెదనాన్న ఇంక మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

కురుసుర జలాంతర్గామి మ్యూజియం గురించి చాలామంది రాశారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. సోమవారం సెలవు. గైడ్లు మాజీ నేవీవాళ్ళు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు. 91 మీటర్ల పొడవున్న ఆ గొట్టంలో సుమారు 75 మంది ఎలా బతికారో చూస్తే ఘాజీ లోపలి పరిస్థితి ఊహకు అందుతుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి ద్వారాల్లోంచి వంగి దాటాలి. మోకాళ్ళ నొప్పులుంటే బయటినుంచి చూడటమే మంచిది. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం పిల్లలకు నచ్చుతుంది, మా పనికి అంతగా పనికిరాలేదు.

విశాఖ మ్యూజియం టికెట్టు తక్కువ, జనమూ తక్కువ. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబుల్లో పేలకుండా మిగిలిన ఒకటి అక్కడుంది. దాని ముందు ఆగాల్సిందే. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయి, వేలమంది భారతీయ సైనికులు జపాన్‌కు ఖైదీలయ్యారు. అందులో చాలామంది తర్వాత ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, చేరనివాళ్ళు క్యాంపుల్లో నానా బాధలు పడ్డారు. బాంబు పక్కన ఈ సంగతి కూడా చెబితే, చూసేవాళ్ళకు ఆ ఏడాది ఎలాంటిదో అర్థమవుతుంది.

పాత ఊరికి ఆటోలో వెళ్ళడం కన్నా పాత పోస్టాఫీసు దాకా సిటీ బస్సులో వెళ్ళి నడవడం మేలు. 1757లో బుస్సీ నాయకత్వంలో ఫ్రెంచివాళ్ళు ఇక్కడి ఇంగ్లీషు కోటను పట్టుకున్నారు. లొంగిపోయినవాళ్ళతో బుస్సీ మర్యాదగా నడుచుకున్నాడని చరిత్రకారులు రాశారు. మరుసటి ఏడాదే కల్నల్ ఫోర్డ్ విశాఖలో దిగి, చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్ళను ఓడించి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను పట్టుకున్నాడు. అక్కడ పట్టుబడ్డవాళ్ళు పట్టుకున్నవాళ్ళ కన్నా ఎక్కువమంది. ఇక్కడి కోట ఇప్పుడు లేదు. బురుజుపేట, సోల్జర్‌పేట అని పేర్లు మిగిలాయి. పాత యూరోపియన్ సమాధుల దగ్గరికి వెళ్తే గేటుకు తాళం వేసుంది, తాళం ఎవరి దగ్గరుంటుందో చెప్పేవాళ్ళు లేరు. కనకమహాలక్ష్మి అమ్మవారి దర్శనం చేసుకుని ముందుకు సాగాం.

ఫిషింగ్ హార్బర్‌కు పొద్దున్నే వెళ్ళాలి. ఎండెక్కితే వేలం అయిపోతుంది. శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ఒక మత్స్యకారుడు వల బాగుచేసుకుంటూ మాట్లాడాడు. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకెళ్ళిన మన ఉత్తరాంధ్ర జాలర్లు సరిహద్దు దాటారని పాకిస్తాన్‌వాళ్ళు పట్టుకెళ్ళిన సంగతి గుర్తుందా? ఆంధ్రాకు చెందిన 20 మంది 2020 జనవరి 6న వాఘా మీదుగా తిరిగొచ్చారు. యుద్ధం లేదు కాబట్టి వాళ్ళు యుద్ధఖైదీలు కారు, ఆ హక్కులేవీ వాళ్ళకు వర్తించవు. "సిపాయికైతే కాగితం ఉంటది బాబూ, మాకేటుంటది?" అన్నాడు ఆయన. నీళ్ళ మీద గీత ఎక్కడుంటుందో పడవవాడికి తెలియదు, తెలిసినా చేపలు ఆ గీత చూసుకుని ఈదవు. ఈ యాత్రలో ఏ బోర్డూ చెప్పని విషయం ఆయన నోట విన్నాను.

ఒక్క చోటికే టైముందంటే మాత్రం నేను కృష్ణదేవిపేటనే చూడమంటాను. విశాఖ నుంచి నర్సీపట్నం దాకా ఆర్టీసీ బస్సు, అక్కణ్ణించి ఇంకో బండి. మేం వెళ్ళేటప్పుడు కారు మాట్లాడుకున్నాం. పెట్రోలుతో కలిపి అని చెప్పి, సగం దారిలో ఘాట్ ఛార్జీ అని అదనంగా అడిగారు. బేరం ముందే కాగితం మీద రాయించుకోండి. తిరుగు ప్రయాణం బస్సులోనే చేశాం, హాయిగా వచ్చాం. నర్సీపట్నంలో భోజనం బాగుంది, ముద్దపప్పు, గోంగూర అడిగినంత వేశారు.

అక్కడ అల్లూరి సీతారామరాజు సమాధి, ఆయన అనుచరుడు గాం గంటందొర సమాధి ఉన్నాయి. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసుస్టేషన్ల మీద వరసగా మూడురోజులు దాడి చేసి ఆయుధాలు పట్టుకెళ్ళాడు రాజు. పట్టుకెళ్ళినవేవో రాసి సంతకం పెట్టి మరీ వెళ్ళాడు. ఆయన గురి తెల్ల అధికారుల మీదే, చేతికి చిక్కిన మన పోలీసులను చంపనివ్వలేదు. ఆయన పట్టుబడ్డప్పుడు మాత్రం ఏం జరిగింది? 1924 మే 7న కొయ్యూరులో విచారణ లేదు, కోర్టు లేదు, చెట్టుకు కట్టి కాల్చేశారు. అణచడానికి అస్సాం రైఫిల్స్‌ను దింపి యుద్ధమే చేసింది తెల్ల సర్కారు. అయినా ఎదురు నిలిచినవాణ్ణి యుద్ధఖైదీగా చూడలేదు, తిరుగుబాటుదారు అంది. అంతకు కొన్నేళ్ళ ముందే, మొదటి ప్రపంచయుద్ధంలో, అదే సర్కారు టర్కీ సైనికులను బళ్ళారిలో క్యాంపు పెట్టి ఉంచింది. 1917లో రెడ్‌క్రాస్ వాళ్ళు వచ్చి తనిఖీ చేస్తే ఒప్పుకుంది. టర్కీవాడికి ఇచ్చిన హక్కు మన్యంవాడికి ఎందుకు ఇవ్వలేదు? పెదనాన్న సమాధి దగ్గర చెప్పులు విప్పి నిలబడి సెల్యూట్ చేశారు. ఆవరణ శుభ్రంగా ఉంది, తాగునీళ్ళు మాత్రం వెంట తీసుకెళ్ళండి.

ఇదే పోరాటంలో పట్టుబడిన గాం మల్లుదొరను అండమాన్‌కు పంపారు. ఆయన బతికి వచ్చి, 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. ఈ ముక్క విశాఖ బీచ్ రోడ్డులో ఎక్కడైనా పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలని నా కోరిక.

ఆయన్ను ఉంచిన చోటు చూడాలని పెదనాన్నకు పట్టుదల పెరిగింది. విశాఖ రేవు నుంచి అండమాన్‌కు ఓడ ఉంది. కానీ రోజూ ఉండదు, తేదీలు ముందే కనుక్కోవాలి, ప్రయాణం రెండు రోజుల పైనే. బంకు క్లాసులో పెద్దవాళ్ళకు కష్టం, క్యాబిన్ తీసుకోవాలి. డాక్టరు సరేనంటే సెలవులకు అది కూడా చూసొచ్చి రాస్తాను.