జూలై నాలుగుకి బ్రిస్కెట్: నిద్ర కోసం కొన్న పెల్లెట్ స్మోకర్, నాలుగు వేసవుల తర్వాత

ఈ పొయ్యి నేను రుచి కోసం కొనలేదు, నిద్ర కోసం కొన్నాను. అంతకు ముందు నా దగ్గర పక్కనున్న పెట్టెలో కట్టెలు మండించి, ఆ పొగలో మాంసం వండే ఆఫ్‌సెట్ పిట్ ఉండేది. ముప్పావు గంటకోసారి ఓక్ మొద్దు వేయాలి, మంట చూసుకోవాలి, పొగ తెల్లగా దట్టంగా వస్తుంటే గాలి సరిచేయాలి. బ్రిస్కెట్ అనే పెద్ద మాంసం ముక్క ఉడికేదాకా ఇలా 13, 14 గంటలు. రెండు జూలై నాలుగులు, అంటే ఇక్కడి అమెరికా స్వాతంత్ర్య దినాలు, ఆ పిట్ పక్కనే తెల్లవారాయి. చుట్టాలొచ్చే వేళకి నేను లాన్ కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్న ఫోటో మా వాట్సాప్ గ్రూపులో ఇప్పటికీ తిరుగుతోంది. గుంటూరులో ఉన్న మా అమ్మయితే, "నాన్నా, కుక్కర్లో ఎనిమిది విజిళ్లు వస్తే అయిపోయేదానికి ఈ జాగారం ఏంట్రా?" అంది. ఆవిడ గోంగూర వేసి వండిన పెద్ద కూర తిని పెరిగినవాణ్ని, ఎదురు చెప్పలేను.

అందుకే పెల్లెట్ స్మోకర్. చెక్క పొట్టుని గుళికలుగా నొక్కి అమ్ముతారు. వాటిని డబ్బాలో పోసి 225 డిగ్రీల ఫారెన్‌హీట్ పెడితే, ఆగర్ అనే మర కొన్ని కొన్ని గుళికల్ని మంటలోకి తోస్తుంది, ఫ్యాన్ ఊదుతుంది, మనం వెళ్లి పడుకోవచ్చు. మిగతా వివరాలు కంపెనీ పేజీలో ఉంటాయి, వదిలేస్తున్నాను. మొదటి మూడేళ్లు నేను నిజంగానే పడుకున్నాను. అడిగిన వాళ్లకీ అడగని వాళ్లకీ కొనమని చెప్పాను, ఇద్దరు కొన్నారు కూడా. ఈ సమీక్ష ఒక రకంగా వాళ్లిద్దరికీ బాకీ.

నాలుగో ఏడాది సంగతి చెప్పే ముందు మాంసం ఎంపిక గురించి రెండు మాటలు. ఆ ఏడాది పండగ ముందు రాత్రి మంట ఆరిపోయినప్పుడు నేను అంత భయపడింది ఆ ముక్క వల్లే. బ్రిస్కెట్ అంటే మన కసాయి దుకాణాల్లో సీనా అంటారే, ఆ రొమ్ము భాగం. జంతువు బరువులో చాలా భాగం మోసే కండరం కాబట్టి గట్టిది. అందులోని కొల్లాజెన్ నిదానంగా కరిగి జెలటిన్ అయితే తప్ప నమలలేం. మొదట్లో నేను ప్రైమ్ (ఇక్కడ మాంసానికి వేసే అన్నిటికంటే పై గ్రేడ్) అన్న ముద్ర చూసి కొనేవాణ్ని. ఇప్పుడు ముద్ర కంటే ముందు పలచటి వైపు చూస్తాను. ఆ ఫ్లాట్ చివర కూడా కనీసం అంగుళం మందం లేకపోతే, పాయింట్ అనే మందపాటి, కొవ్వున్న వైపు ఉడికేలోగా అది ఎండి తునకల్లా అవుతుంది. మన తునకలకైనా పులుసులో మోక్షం ఉంది, దీనికి అదీ లేదు. ప్యాకెట్‌ని మధ్యలో పట్టుకుని ఎత్తితే రెండు చివర్లూ వంగి వేలాడాలి. కొయ్యలా నిలబడితే పక్కన పెట్టేస్తాను. దాని కింది చాయిస్ గ్రేడ్‌లో మందంగా, మెత్తగా ఉన్నది దొరికితే పలచటి ప్రైమ్ కంటే దానికే నా ఓటు. పండగ ముందు రోజు కాస్ట్‌కో అనే పెద్ద దుకాణానికి వెళ్తే వంపులు చూసే అవకాశం ఉండదు, మిగిలిందే తెచ్చుకోవాలి. ఆ ఏడాది ఐదు రోజుల ముందే వెళ్లి, గుట్టంతా కెలికి 14 పౌండ్లది తెచ్చాను. అక్కడి పిల్లాడు నన్ను మామిడిపళ్లు ఏరే ముసలమ్మని చూసినట్టు చూశాడు.

కొవ్వు పావు అంగుళం ఉంచి మిగతాది కోసేశాను. రుద్దింది ఉప్పు, ముతక మిరియాలు, అంతే. మొదటి ఏడాది దేశాభిమానం కొద్దీ గుంటూరు కారం పట్టించాను. అన్ని గంటల పొగలో ఘాటంతా పోయి రంగు మిగిలింది. టెక్సస్ వాళ్లు మిరియాల దగ్గరే ఆగిపోవడానికి కారణం ఉందని అప్పుడు ఒప్పుకున్నాను.

జూలై మూడు, సాయంత్రం ఐదింటికి ఎక్కించాను. అర్ధరాత్రికి లోపలి వేడి 154. అక్కడినుంచి ముల్లు కదలదని తెలుసు. 150, 170 మధ్య మాంసం చెమట పడుతుంది, ఆ తడి ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. మట్టి కుండలో నీళ్లు చల్లబడే లెక్కే. గంటలకొద్దీ అలాగే నిలిచిపోతుంది, దాన్నే స్టాల్ అంటారు. తెల్లారాక మాంసానికి కాగితం చుడదామని పడుకున్నాను.

మూడు ఇరవైకి దాహమేసి లేచాను. వంటింటి కిటికీలోంచి రోజూ వినపడే ఫ్యాన్ చప్పుడు వినపడింది గానీ పొగ లేదు. బయటికి వెళ్లి చూస్తే తెరమీద 119. మూత తీస్తే లోపల చల్లటి పొయ్యి, మధ్యలో అంత మాంసం. కాళ్లు వణికాయని చెప్పడానికి సిగ్గేమీ లేదు, మధ్యాహ్నానికి ఇరవై రెండు మంది వస్తున్నారు. ఫోన్లో గ్రాఫ్ చూస్తే రెండింటికి మంట పోయింది. హెచ్చరిక కూడా వచ్చింది, నా ఫోనే సైలెంట్‌లో ఉంది. అందులో సగం తప్పు నాదే.

ముందు మాంసంలోకి సూది గుచ్చాను. 146. వండిన మాంసం 40, 140 మధ్య ఎక్కువసేపు ఉండకూడదన్నది తెలుసు కాబట్టి అప్పటికి ఊపిరి పీల్చుకున్నాను. పొయ్యి మళ్లీ వెలిగించబోతే మంట గిన్నెలో ఒక్క గుళిక కూడా లేదు. ఆగర్ తిరగడం లేదు. డబ్బా మాత్రం సగానికి పైగా నిండుగా ఉంది.

మా ఆవిడ లేచి వచ్చి చూసి, "ఇంట్లో ఒవెన్ ఉంది కదా" అంది. నాకు అది ఓటమిలా అనిపించింది. వేరే దారి లేదు. గులాబీ రంగు బుచర్ పేపర్ మీద, కోసి తీసిన కొవ్వుని కరిగించి పూసి, అందులో గట్టిగా చుట్టి, ట్రేలో పెట్టి 250 దగ్గర ఒవెన్లో తోసి, ఈసారి ఫోన్ సౌండ్ పెట్టుకుని పడుకున్నాను. తొమ్మిదిన్నరకి 203. సూది ఎక్కడ గుచ్చినా వెన్నలో దిగినట్టు దిగింది. పాత దుప్పట్లలో చుట్టి, ఐస్ లేని ఐస్‌బాక్సులో ఒంటిగంట దాకా ఉంచాను.

ఇక్కడే నాకు దిమ్మ తిరిగింది. నాలుగేళ్లలో నేను కోసిన బ్రిస్కెట్లలో అదే బాగా కుదిరింది. నల్లటి బెరడు, దాని కింద ఎర్రటి గీత, ఫ్లాట్ ముక్క వేలి మీద వేస్తే తెగకుండా వంగింది. ఇంకా ఎవరికీ నిజం చెప్పకముందే ఒక తమ్ముడు, "అన్నా, ఆ మెషీన్ లింకు పంపు" అన్నాడు. నేను నవ్వేసి ఊరుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే ఇందులో వింతేమీ లేదు. పొగ ఎక్కువగా పట్టేది మొదటి గంటల్లో. పైన బెరడు కట్టి, కాగితం చుట్టాక మాంసానికి కావలసింది వట్టి వేడి. అది ఓక్ నుంచి వచ్చిందా, గోడలోని కరెంటు నుంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. అంటే నేను రాత్రి నిద్ర కోసం ఇన్ని డాలర్లు పోసిన పనిని మా వంటింట్లో ఉన్న ఒవెన్ ఊరికే చేస్తుంది.

మర్నాడు ఆగర్ విప్పాను. గొట్టం నిండా పొట్టు, సిమెంటులా గట్టిపడి ఉంది. మేము హ్యూస్టన్ పక్కన ఉంటాం, ఇక్కడి తేమ మచిలీపట్నానికి తీసిపోదు. మే చివర్లో విప్పిన సంచీ గరాజ్‌లో మూతి ముడవకుండా పెట్టాను. డబ్బాలో పాత గుళికలు అలాగే ఉండిపోయాయి. తేమ తగిలిన గుళిక ఉబ్బి పొట్టవుతుంది, మర దాన్ని నొక్కి నొక్కి బిగించేస్తుంది. డ్రిల్లు, పొడవాటి స్క్రూ డ్రైవరు, ఒక మధ్యాహ్నం అంతా పట్టింది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే గుళికలు పొడిగా ఉంచమని చెప్పి, మూడేళ్ల వారంటీ కిందటి నెలే ముగిసిందని గుర్తు చేశారు. మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. ఆగర్ మోటార్‌కి భారం పెరిగితే ఒక బీప్ కొట్టే ఏర్పాటు ఎందుకు లేదని అడిగితే మాత్రం జవాబు లేదు. నా కోపం అంతా ఆ ఒక్కదాని మీదే. నిద్రపొమ్మని చెప్పి అమ్మిన వస్తువు, నిద్రలో ఉన్నవాణ్ని లేపగలగాలి కదా.

ఇప్పుడు మూత బిగించే బకెట్‌లో గుళికలు పెడుతున్నాను. పోసే ముందు ఒకటి విరిచి చూస్తాను, చిటుక్కుమంటే సరే, మెత్తగా విడిపోతే చెత్తబుట్టలోకి. వంట అయ్యాక డబ్బా ఖాళీ చేస్తాను. పెద్ద శబ్దం చేసే వేరే థర్మామీటరు ఒకటి మంచం పక్కన ఉంటుంది. ఇన్ని చేయాల్సి వచ్చినప్పుడు దీన్ని పెట్టి మర్చిపోయే పొయ్యి అనడం ఇక నావల్ల కాదు. పొగ రుచి కూడా, నిజం చెప్పాలంటే, ఆఫ్‌సెట్‌తో పోలిస్తే పలచనే. మొదటి ఏడాది అది నిద్ర ఆనందంలో నాకు తెలియలేదు.

అయినా అమ్మడం లేదు. నడుం నొప్పి ఉంది, పిల్లలు చిన్నవాళ్లు, కట్టెలు దాచుకునే చోటు మా పెరట్లో లేదు. పొద్దున ఐదింటికి ఎక్కించి మధ్యాహ్నానికి ఒవెన్లోకి మార్చే పద్ధతికి ఇది నాకు సరిపోతోంది. పొడి వాతావరణంలో ఉండేవాళ్లకి ఆగర్ గొడవే రాకపోవచ్చు. పెద్ద ముక్కలు ఏడాదికి రెండుసార్లే వండే ఇంట్లో అయితే నేను కొనను. మా గుంపులో పెద్ద కూర ముట్టని వాళ్ల చికెన్ కోసం వేరే పట్టకారుతో సహా ఉంచిన పాత బొగ్గుల గ్రిల్ ఉంది. ఆరేళ్లుగా అది ఒక్కసారి కూడా ఆగలేదు. ఈ ఏడాది సగం బ్రిస్కెట్ దాని మీద పెట్టి చూద్దామనుకున్నాను గానీ, చికెన్ వాళ్లు ఒప్పుకోలేదు.

లింకు అడిగిన తమ్ముడికి ఇంకా పంపలేదు. ఒక శనివారం వచ్చి ఆగర్ విప్పడంలో సాయం చేస్తే, ఆ తర్వాత కూడా కావాలంటే పంపుతానన్నాను.