ఎగ్జిమాకి స్టెరాయిడ్ క్రీమా, టాక్రోలిమస్ ఆయింట్‌మెంటా: ఏది మేలు?

అటోపిక్ ఎగ్జిమాలో (దురదతో మళ్లీ మళ్లీ వచ్చే చర్మపు వాపు) అసలు గొడవ చేసేవి టీహెచ్2 అనే రోగనిరోధక కణాలు. చర్మం పైపొర దెబ్బతినగానే అవి అక్కడ గుమికూడి ఐఎల్-4, ఐఎల్-13, ఐఎల్-31 అనే రసాయనాలు వదులుతాయి. మొదటి రెండూ పైపొరను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ తయారీని తగ్గిస్తాయి. మూడోది నేరుగా నరాల మీద పనిచేసి దురద పుట్టిస్తుంది. ఈ దురదలో, మామూలు అలర్జీ రసాయనమైన హిస్టమిన్ వాటా తక్కువ కాబట్టే దాన్ని అడ్డుకునే సెట్రిజిన్ మాత్ర మింగినా గోకుడు ఆగదు.

స్టెరాయిడ్ క్రీమ్ ఈ కణాలతో పాటు చుట్టుపక్కల ఉన్న వాపు కణాలన్నిటినీ ఒక్కసారే అణిచేస్తుంది. కొద్దిరోజుల్లోనే ఎరుపు తగ్గేది అందుకే. కానీ కొలాజెన్ తయారుచేసే కణాలనూ వదలదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ రోజుకొకసారి, వారం రెండు వారాలు రాయడం మామూలు పద్ధతి. పెద్దవాళ్ల చూపుడువేలి కొన నుంచి మొదటి గీత దాకా పిండితే సుమారు అర గ్రాము, రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. భయపడి పెసరగింజంత రాసేవాళ్లే ఎక్కువ. అలా రాస్తే తగ్గదు సరికదా, వాడకం నెలలకు సాగుతుంది.

టాక్రోలిమస్ ప్రధానంగా టీ కణాల్లోని (టీహెచ్2 వీటిలో ఒక రకం) కాల్సిన్యూరిన్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది, కొలాజెన్ జోలికి పోదు. కాబట్టి కనురెప్పలకి, ముఖానికి, మెడకి ఇదే మేలు. 2 నుంచి 15 ఏళ్ల పిల్లలకి 0.03 శాతం, ఆపైవాళ్లకి 0.1 శాతం. మొదటి వారం మంట పుడుతుంది, చాలామంది అక్కడే మానేస్తారు. స్నానమయ్యాక చర్మం పూర్తిగా ఆరనిచ్చి రాస్తే మంట తగ్గుతుంది. చీము పట్టిన చోట రాయకూడదు.

మా లెక్కలో, ఉద్ధృతంగా ఉన్నప్పుడు ఒంటికి ముందు స్టెరాయిడే. తగ్గాక, మళ్లీ మళ్లీ వచ్చే చోట్ల వారానికి రెండుసార్లు టాక్రోలిమస్.

రెండిటికీ లొంగకపోతే డుపిలుమాబ్ ఇంజెక్షన్ ఉంది. పెద్దవాళ్లకి మొదట 600 మిల్లీగ్రాములు, తర్వాత రెండు వారాలకోసారి 300. ఐఎల్-4, 13 రెండిటి దారీ మూస్తుంది. కళ్లు ఎర్రబడటం దీని ఇబ్బంది. ఉపాడాసిటినిబ్ మాత్రలు ఇంకా త్వరగా పనిచేస్తాయి గానీ ముందు టీబీ, రక్త పరీక్షలు తప్పనిసరి.

మెడికల్ షాపులో ఇచ్చే మూడు మందుల మిశ్రమ క్రీమ్‌ని మాత్రం ఈ పోటీలోకే రానివ్వకండి. అందులో తరచూ క్లోబెటాసోల్ అనే చాలా ఘాటైన స్టెరాయిడ్ ఉంటుంది. మచ్చ ఫంగస్‌దైతే ఎరుపు తగ్గినట్టే తగ్గి, లోపల పాకుతుంది. అంచు చక్రంలా తేలి ఉంటే, ఏదీ రాయకముందే పొట్టు గీయించి, ఫంగస్ ఉందో లేదో చూసే కేఓహెచ్ పరీక్ష చేయించండి.