క్లీనప్ బాగుంది, చెప్పిన మాటలే సరికాదు

మా చెల్లెలి పెళ్లి తిరుమలలో కుదరడంతో, ముహూర్తానికి పది రోజుల ముందు మేమిద్దరం తిరుపతిలోని ఒక బ్యూటీ పార్లర్‌లో ముఖాన్ని లోతుగా శుభ్రం చేసే క్లీనప్ చేయించుకున్నాము. ఒక్కొక్కరికి 700 రూపాయలు తీసుకున్నారు. గది శుభ్రంగా ఉంది, తువ్వాళ్లు ఉతికినవి, బ్లాక్‌హెడ్స్ తీసే స్టీలు పరికరాన్ని మా కళ్లెదుటే స్పిరిట్‌తో తుడిచారు. చేసిన అమ్మాయి చేయి ఎంత నేర్పుగలదంటే, మరునాటికి ముఖం మీద కందిన గుర్తు ఒక్కటీ మిగలలేదు. పనికి ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. పని సాగినంతసేపూ చెప్పిన మాటలకు మాత్రం అన్ని ఇవ్వలేను.

ఆవిరి పడితే రంధ్రాలు తెరుచుకుంటాయని, చివర ఐసుముక్క రుద్దితే మూసుకుంటాయని ఆ అమ్మాయి వివరించింది. చర్మరంధ్రాన్ని తెరిచి మూసే కండరమేదీ లేదు. ఆవిరికి లోపల గట్టిపడిన జిడ్డు కొంత మెత్తబడుతుంది, ఐసుకు రక్తనాళాలు ముడుచుకుని ఎరుపు కాసేపు తగ్గుతుంది. రెండూ ఉపయోగమే కనుక వాటిని తప్పుపట్టను. అయితే ఆ వివరణ ఆధారంగానే చివరికి రంధ్రాలు మూసే టోనరు అంటూ 450 రూపాయల సీసా ఒకటి అంటగట్టబోయారు. మేము తీసుకోలేదు.

మనం వీటన్నిటినీ స్వేదరంధ్రాలు అనేయడం కూడా కొంత గందరగోళానికి కారణమేమో. చెమట గ్రంథుల సంగతి వేరు. బ్లాక్‌హెడ్స్, మొటిమలు పుట్టేది వెంట్రుక కుదురులో, దానిని అంటిపెట్టుకున్న నూనె గ్రంథి వద్ద. ఆ నూనె, లోపలే రాలిన చర్మకణాలు కలిసి రంధ్రం మూతికి బిరడాలా అడ్డుపడతాయి. బిరడా పైభాగం నల్లగా కనిపించేది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ వల్ల, గాలి తగిలి మారిన కొవ్వుల వల్ల. అలిపిరి రోడ్డు దుమ్ము వల్ల కాదు. అందుకే రోజుకు ఐదుసార్లు సబ్బుతో తోమినా అది పోదు, చర్మం పొడిబారి మండుతుంది. సాలిసిలిక్ ఆసిడ్ నూనెలో కరిగే గుణం కలది కాబట్టి ఆ బిరడాను వదులు చేయగలదు. మందుల దుకాణంలో దొరికే ఈ ఆసిడ్ సంగతిని పార్లర్‌లో ఎవరూ ఎత్తలేదు.

నా ముక్కు మీది బూడిదరంగు చుక్కలనూ బ్లాక్‌హెడ్స్ అనే నొక్కి తీశారు. అవి నూనె పైకి వచ్చే దారిలో సహజంగా ఉండే సన్నని పోగులు, కొన్ని వారాలలో మళ్లీ నిండుతాయి. నెలనెలా రమ్మనడంలోని లెక్క అప్పుడు అర్థమైంది.

పెళ్లికూతురి ప్యాకేజీ అమ్మే చోటే, మేకప్ వేస్తే చర్మానికి ఊపిరాడదని చెల్లెలిని భయపెట్టడం వింతగా తోచింది. జిడ్డుగా ఉండే క్రీములను వారాల తరబడి పూసుకుంటే కొందరికి చిన్న గుల్లలు వస్తాయి గాని, రాత్రికి శుభ్రంగా తుడిచేసే ఒకనాటి ఫౌండేషన్ వల్ల అంత భయం లేదు. డబ్బాపై నాన్-కామెడోజెనిక్, అంటే రంధ్రాలకు అడ్డుపడనిది, అని ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండలేము; ఆ రకమైన పాత పరీక్షలు చాలావరకు కుందేలు చెవిపై చేసినవి. మా చెల్లెలి విషయంలో నా అనుమానం మేకప్ మీద కాదు, తల నుంచి నుదుటికి జారే కొబ్బరినూనె మీద.

శనివారం వెళ్లేవారు ముందుగా ఫోను చేయండి; మేము గంటన్నర కూర్చున్నాము.